బీడీఎస్ సీటుకి దరఖాస్తు: ఆరో తరగతి స్టడీ సర్టిఫికెట్ నుంచి కాలేజీ గేటు దాకా

తిరుపతిలో నాది చిన్న నెట్ సెంటరు. రెండు కంప్యూటర్లు, ఒక జెరాక్స్ మిషను, అంతే. కొండకు పోయేవాళ్ల దర్శనం టికెట్లు ప్రింటు తీయడం సగం పని, పిల్లకాయల దరఖాస్తులు నింపడం మిగతా సగం. ముందు నీట్ ఫారాలు, ఎండలు తగ్గాక విజయవాడ యూనివర్సిటీ కౌన్సెలింగ్ ఫారాలు ఏటా నా చేతి మీదుగా పోతుంటాయి. అందులో బీడీఎస్ వాళ్లది వేరే అవస్థ. అసలు బీడీఎస్ కావాలని వచ్చేవాళ్లు తక్కువ. ఎంబీబీఎస్ కోసం తిరిగి తిరిగి, ర్యాంకు చూసుకుని, చివరికి "సరేలే సామీ, పళ్ల డాక్టరన్నా పెట్టు" అంటారు. అప్పటికి గడువు రెండు రోజులుంటుంది. సంచిలో ఆరో తరగతి స్టడీ సర్టిఫికెట్ ఉండదు.

మార్కులు రాక సీటు పోతే ఏం చేయలేం. కాగితం లేక పోతే మాత్రం కడుపు తరుక్కుపోతుంది. కాబట్టి ఇందులో చదువు గురించి తక్కువ, కాగితాల గురించి ఎక్కువ చెప్తాను. నీట్‌కు ఎట్లా చదవాలో చెప్పేందుకు మన ఊళ్లో కోచింగ్ సెంటర్లకు కొదవ లేదు.

ముందు ఇంట్లో తేల్చుకోండి

బీడీఎస్ అంటే నాలుగేళ్ల చదువు, దానిపైన ఒక ఏడాది తప్పనిసరి ఇంటర్న్‌షిప్. మొదటి ఏడాది అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ ఉంటాయి. వాటితో పాటు పంటి నిర్మాణం మీద ఒక పేపరు, దానికి ప్రాక్టికల్‌గా మైనపు దిమ్మను చెక్కి పన్ను చేయాలి. రెండో ఏడాది ఫార్మకాలజీ, పాథాలజీ, పళ్లకు వాడే సిమెంట్లు, లోహాలు, అచ్చులు. మూడో ఏడాది నుంచి పేషెంటు ఎదురుగా ఉంటాడు. ఆపైన ఎండీఎస్ చేయాలంటే ఇంకో మూడేళ్లు, దానికి వేరే ప్రవేశ పరీక్ష.

ఇది చేతిపని ఉన్న చదువు. మీ పిల్లకు చేయి నిలకడ ఉందా లేదా తెలుసుకోవడానికి ఖర్చేమీ లేదు. ఒక సుద్దముక్క, ఒక చిన్న బ్లేడు ఇచ్చి, అద్దంలో తన దవడ పన్ను చూసుకుంటూ చెక్కమనండి. గంట తర్వాత విసుక్కుంటే ఒక సంగతి తెలుస్తుంది. వంకర తిరిగిన పన్ను పారేసి రెండో సుద్దముక్క అడిగితే ఇంకో సంగతి తెలుస్తుంది. శ్రీకాళహస్తిలో కలంకారీ వేసే ఇంటి నుంచి వచ్చిన ఒక పిల్ల నా దగ్గరే ఫారం నింపించుకుంది. మైనపు పన్ను చెక్కడం తనకు మొదటి వారంలోనే పట్టుబడిందని తర్వాత చెప్పింది. ఎడమచేతి వాటం పిల్లలూ ఈ చదువు చదువుతారు. కాకపోతే కుర్చీలు, ట్రేలు ఎక్కువగా కుడిచేతి వాళ్లకు అమర్చి ఉంటాయి, ఆ సంగతి ముందే తెలిసి ఉంటే మంచిది.

డబ్బు సంగతీ దాచుకోకుండా మాట్లాడుకోండి. ప్రభుత్వ ఉద్యోగాలు తక్కువ. చదువవగానే సొంత క్లినిక్ పెట్టాలంటే కుర్చీ, కంప్రెసర్, ఎక్స్‌రే అని పెట్టుబడి కావాలి. చాలామంది మొదటి రెండు మూడేళ్లు ఇంకొకరి క్లినిక్‌లో పనిచేస్తారు. ఇది తెలిసి, అయినా కావాలనుకుంటే, అప్పుడు బీడీఎస్‌ను మొదటి నుంచే లెక్కలో పెట్టుకోండి. ఎంబీబీఎస్ తప్ప ఇంకేదీ వద్దనుకునే పిల్లను బలవంతాన ఇందులో చేర్చి, మళ్లీ ఏడాది లాంగ్ టర్మ్ కోచింగ్‌కు పంపేవాళ్లను నేను చూశాను. ఇటు ఫీజూ పోయింది, అటు ఏడాదీ పోయింది.

ఈ ఏడాది రాయొచ్చా?

ప్రవేశం పొందే ఏడాది డిసెంబరు 31 నాటికి 17 ఏళ్లు నిండాలి. పైన వయసు పరిమితి లేదు, ఎన్నిసార్లయినా రాయొచ్చు. ఇంటర్ బైపీసీ ఇంగ్లీషుతో సహా పాసవ్వాలి. ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ కలిపి జనరల్ వాళ్లకు 50 శాతం, ఎస్సీ, ఎస్టీ, బీసీలకు 40 శాతం ఉండాలి. నీట్‌లో అర్హత మార్కు జనరల్‌కు 50 పర్సంటైల్, రిజర్వేషన్ వర్గాలకు 40. పర్సంటైల్ అంటే శాతం కాదు. 720లో సగం రావాలేమో అని భయపడి వెనక్కి పోయిన తండ్రి ఒకాయన ఉన్నాడు. రాసినవాళ్లలో మీ కంటే వెనక ఎంతమంది ఉన్నారన్నదే పర్సంటైల్.

ఎంసెట్ అని ఇంకా కొందరు అడుగుతుంటారు. డెంటల్‌కు దానితో పనిలేదు, నీట్ ఒక్కటే.

లోకల్ లెక్క: మన జిల్లాల వాళ్లు ఆగి చదవాల్సిన భాగం

రాష్ట్ర కోటా సీట్లలో 85 శాతం లోకల్ వాళ్లకు, 15 శాతం అన్‌రిజర్వ్‌డ్‌గా ఉంటాయి. ఆంధ్రప్రదేశ్‌లో లోకల్ ఏరియాలు రెండు: ఆంధ్రా యూనివర్సిటీ ఏరియా, శ్రీ వెంకటేశ్వర యూనివర్సిటీ ఏరియా. పాత లెక్కన చిత్తూరు, కడప, అనంతపురం, కర్నూలు, నెల్లూరు జిల్లాలు ఎస్వీయూ కిందకు వస్తాయి. 2022 ఏప్రిల్‌లో తిరుపతి వేరే జిల్లా అయినా ఈ గీత మారలేదు.

మీరు ఎక్కడ పుట్టారు, ఇల్లు ఎక్కడుంది అన్నది మొదటి ప్రశ్న కాదు. ఎక్కడ చదివారన్నది మొదటి ప్రశ్న. ఇంటర్ రెండో ఏడాదితో ముగిసేలా వరుసగా నాలుగేళ్లు, అంటే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లు, ఒకే ఏరియాలో చదివితే అక్కడ లోకల్. అట్లా కుదరకపోతే ఏడేళ్లు చూస్తారు: ఆరు నుంచి ఇంటర్ దాకా. ఆ ఏడేళ్లూ రాష్ట్రంలోనే చదివి ఉంటే, ఏ ఏరియాలో ఎక్కువ కాలం చదివారో అక్కడ లోకల్.

పది దాకా తిరుపతిలో చదివి ఇంటర్‌కు విజయవాడ హాస్టల్‌కు పోయిన పిల్లవాడు ఈ రెండో లెక్కన ఎస్వీయూ లోకలే, ఐదేళ్లు ఇక్కడ, రెండేళ్లు అక్కడ. ఆరు, ఏడు బెంగళూరులో చదివి, ఎనిమిది నుంచి ఇంటర్ దాకా చిత్తూరులో చదివిన పిల్లకు మొదటి లెక్కే సరిపోతుంది.

చిక్కంతా సరిహద్దు ఊళ్లలోనే. నగరి, సత్యవేడు వైపు వాళ్లు పిల్లలను తిరుత్తణిలోనో చెన్నైలోనో చదివిస్తారు. కుప్పం, పలమనేరు వాళ్లకు కోలారు, బెంగళూరు దగ్గర. చిత్తూరు నుంచి వేలూరుకు బస్సెక్కి పోయి చదివేవాళ్లూ ఉన్నారు. పది దాకా అక్కడ చదివి ఇంటర్‌కు తిరుపతి వచ్చి చేరితే నాలుగేళ్ల లెక్కా కుదరదు, ఏడేళ్ల లెక్కా కుదరదు. తాతముత్తాతలు నగరిలోనే పుట్టి ఉండొచ్చు, పిల్లవాడు మాత్రం నాన్ లోకల్. వాళ్లకు మిగిలేది ఆ 15 శాతం సీట్లలో పోటీ. దానికి తల్లి గానీ తండ్రి గానీ రాష్ట్రంలో పదేళ్లు నివాసం ఉన్నట్టు తహశీల్దారు ఇచ్చే సర్టిఫికెట్ కావాలి. ఇంటర్ హైదరాబాద్‌లో చదివిన వాళ్లూ ప్రాస్పెక్టస్‌లో ఈ పేరాను రెండుసార్లు చదువుకోండి. లాంగ్ టర్మ్ కోచింగ్ ఏడాది ఎక్కడ గడిపారన్నది ఈ లెక్కలోకి రాదు. లెక్క ఇంటర్ పరీక్ష రాసిన ఏడాదితో ఆగిపోతుంది.

మీ పిల్లలు ఇంకా ఎనిమిదో తరగతిలో ఉంటే, ఇది చదివిన రోజే స్కూలు సంగతి ఆలోచించండి. ఇంటర్ అయ్యాక నా దగ్గరికొచ్చి "ఏదన్నా దారి ఉందా" అంటే నా దగ్గర ఉన్నది కీబోర్డు మాత్రమే.

కాగితాల సంచి

నీట్ ఫలితం వచ్చేదాకా ఆగొద్దు. ఇంటర్ పరీక్షలు అవగానే, ఎండాకాలంలోనే సంచి సిద్ధం చేయండి.

ముందుగా ఆరు నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు. మూడు స్కూళ్లు మారి ఉంటే మూడూ కావాలి. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా చదివారో తరగతి వారీగా ఉండాలి, హెడ్మాస్టరు సంతకం, ముద్ర ఉండాలి. మూతపడిన ప్రైవేటు స్కూలైతే మండల విద్యాధికారి (ఎంఈఓ) ఆఫీసులో రికార్డు అడగాలి. దానికి ఒక్కరోజు చాలదు, అందుకే దీన్ని మొదట పెట్టాను.

పదో తరగతి మార్కుల మెమో పుట్టిన తేదీకి, పేరుకు ఆధారం. ఇంటర్ మార్కుల మెమో, టీసీ, ఆధార్, నీట్ అడ్మిట్ కార్డు, ర్యాంకు కార్డు, ఫొటోలు. ఎస్సీ, ఎస్టీ, బీసీ అయితే సచివాలయం ద్వారా తీసుకునే ఇంటిగ్రేటెడ్ కుల ధ్రువీకరణ పత్రం, పిల్ల పేరు మీద. తండ్రి పేరు మీద ఉన్నది తెచ్చి ఇదే చాలదా అంటారు, చాలదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ కావాలంటే ఆదాయం సర్టిఫికెట్ లేదా రైస్ కార్డు. ఈడబ్ల్యూఎస్, అంటే ఏ రిజర్వేషన్‌లోకీ రాని పేద కుటుంబాల కోటా అయితే, ఆ ఆర్థిక సంవత్సరానికి చెల్లే సర్టిఫికెట్ కావాలి. పోయిన ఏడాది అన్నకు తీసింది తమ్ముడికి పనికిరాదు.

రాష్ట్రంలో ఎస్సీ కోటాను 2025లో మూడు గ్రూపులుగా వర్గీకరించారు. పాత సర్టిఫికెట్ ఉన్నవాళ్లు తమ గ్రూపు దరఖాస్తులో సరిగా పడిందో లేదో చూసుకోవాలి.

బీసీల విషయంలో ఏటా జరిగే పొరపాటు ఇంకొకటి ఉంది. నీట్ ఫారంలో అడిగే ఓబీసీ నాన్ క్రీమీలేయర్ అంటే కేంద్ర జాబితా. మన బీసీ ఏ, బీ, సీ, డీ, ఈ అన్నది రాష్ట్ర జాబితా. రెండు జాబితాల్లోనూ ఉన్న కులాలున్నాయి, రాష్ట్రంలో బీసీ అయి కేంద్ర జాబితాలో లేనివీ ఉన్నాయి. కేంద్ర జాబితాలో మీ కులం ఉందో లేదో చూసి, ఉంటే కేంద్రం నమూనాలో వేరే సర్టిఫికెట్ తీసుకోండి. లేకపోతే నీట్‌లో జనరల్ పెట్టి, రాష్ట్ర కౌన్సెలింగ్‌లో మీ బీసీ సర్టిఫికెట్ పెట్టుకోండి.

ఇక పేరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా, ఆధార్‌లో ఒక్క అక్షరం, ఇంటర్ మెమోలో ఇంటిపేరు చివర. మన వైపు ఇది ఇంటింటి కథ. పదో తరగతి మెమోను గీటురాయిగా పెట్టుకుని, ఆధార్‌ను దానికి తగ్గట్టు నీట్ దరఖాస్తుకు ముందే మార్పించండి. అన్ని కాగితాలూ స్కాన్ చేసి ఫోనులో, మెయిల్‌లో, ఒక పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి. వాట్సాప్‌లో పంపిన ఫొటోను మళ్లీ ఫొటో తీసి తెస్తే యూనివర్సిటీ వాళ్లకే కాదు, నాకూ అక్షరం కనబడదు.

నీట్ ఫారం

నేషనల్ టెస్టింగ్ ఏజెన్సీ వెబ్‌సైటులో నింపాలి. 2025లో ఫీజు జనరల్‌కు 1,700 రూపాయలు, ఈడబ్ల్యూఎస్, ఓబీసీలకు 1,600, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 1,000. మీ ఏడాది బులెటిన్‌లో ఎంతుందో చూసుకుని కట్టండి. ఫొటో తెల్లటి బ్యాక్‌గ్రౌండ్‌తో, ముఖం, చెవులు కనబడేలా ఉండాలి.

ఫోను నంబరు, మెయిల్ మీ సొంతవి ఇవ్వండి. "నీ నంబరే పెట్టు అన్నా, నీకైతే గుర్తుంటుంది" అని నన్ను అడిగేవాళ్లు ప్రతి సీజన్‌లో ఉంటారు. నేను పెట్టను. ఏ నెట్ సెంటరు వాడు పెడతానన్నా ఒప్పుకోవద్దు. ఆ నంబరుకు వచ్చే ఓటీపీతోనే రేపు మీ కాలేజీల వరుస మారుతుంది. పాస్‌వర్డు ఇంట్లో పుస్తకం మీద రాసి పెట్టుకోండి, జెరాక్స్ కాపీ వెనకాల కాదు.

ప్రశ్నపత్రం భాష కూడా అప్పుడే ఎంచుకోవాలి. తెలుగు ఉంది. తెలుగు మీడియం పిల్లలు మొహమాటం లేకుండా తెలుగు పెట్టుకోవచ్చు, అందులో ఇంగ్లీషు ప్రశ్న కూడా పక్కనే ఉంటుంది. పరీక్షా కేంద్రంగా తిరుపతి మొదట పెట్టి, మిగతావి మీకు దగ్గరి ఊళ్లు పెట్టండి.

పరీక్ష మామూలుగా మే మొదటి ఆదివారం, మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా. 180 ప్రశ్నలు: ఫిజిక్స్ 45, కెమిస్ట్రీ 45, బయాలజీ 90. ఒప్పుకు నాలుగు, తప్పుకు ఒకటి కోత. ఒంటిగంటన్నరకు గేటు మూస్తారు. తిరుపతిలో ఆదివారం, పైగా వేసవి సెలవులు, రోడ్లన్నీ యాత్రికులతో నిండి ఉంటాయి. కుప్పం నుంచో గూడూరు నుంచో వచ్చేవాళ్లు ముందురోజే వచ్చి చుట్టాలింట్లో దిగండి. రూము దొరుకుతుందిలే అని రాత్రి వచ్చి బస్టాండులో పడుకున్నవాళ్లున్నారు. పొట్టి చేతుల చొక్కా, చెప్పులు వేసుకుని పోవాలి. నగలు వద్దు.

ర్యాంకు వచ్చాక

ఇక్కడ రెండు వేర్వేరు దరఖాస్తులుంటాయి. ఒకటి పెడితే రెండోది దానంతట అదే పోతుందనుకోవద్దు.

మొదటిది ఢిల్లీ వాళ్లది, మెడికల్ కౌన్సెలింగ్ కమిటీ. దేశంలోని ప్రభుత్వ డెంటల్ కాలేజీల్లో 15 శాతం సీట్లు, డీమ్డ్ యూనివర్సిటీల సీట్లన్నీ ఇందులోనే. 2025లో ఆలిండియా కోటాకు రిజిస్ట్రేషన్ జనరల్‌కు 1,000, రిజర్వేషన్ వర్గాలకు 500. దాంతో పాటు తిరిగొచ్చే డిపాజిట్ 10,000, 5,000. డీమ్డ్ కావాలంటే 5,000 ఫీజు, రెండు లక్షల డిపాజిట్. చెన్నై మనకు మూడు గంటల దారి కాబట్టి అక్కడి డీమ్డ్ కాలేజీల మీద మనవాళ్లకు ఆశ ఎక్కువ. ఆ రెండు లక్షలు కట్టే ముందే మొత్తం నాలుగేళ్ల ఫీజు, హాస్టల్ కాగితం మీద కూడండి. తమిళనాడు ప్రభుత్వ కోటా మాత్రం ఆ రాష్ట్రం వాళ్లకే. చిత్తూరు నుంచి వేలూరు కనబడుతుంది గదా అంటే కుదరదు.

రెండోది మన రాష్ట్రానిది: విజయవాడలోని డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం. 1986లో పెట్టిన ఈ యూనివర్సిటీకి 2022లో వైఎస్సార్ పేరు వచ్చింది, 2024లో పాత పేరే తిరిగొచ్చింది. పాత నోటిఫికేషన్లలో, మీ సీనియర్ల కాగితాల్లో రెండు పేర్లూ కనబడితే కంగారు పడొద్దు, ఆఫీసు ఒకటే.

నీట్ ఫలితాల తర్వాత యూనివర్సిటీ ముందుగా రాష్ట్ర అభ్యర్థుల ర్యాంకుల జాబితా ఒకటి పెడుతుంది. అది సమాచారం కోసమే. అందులో పేరుందని దరఖాస్తు చేసినట్టు కాదు. ఏటా ఒకరన్నా ఇక్కడ పడిపోతారు. తర్వాత కన్వీనర్ కోటాకు, అంటే ప్రభుత్వ కాలేజీల సీట్లకు, ప్రైవేటు కాలేజీల్లో ప్రభుత్వ వాటా సీట్లకు నోటిఫికేషన్ వస్తుంది, ఎంబీబీఎస్, బీడీఎస్ రెండింటికీ కలిపి. దరఖాస్తు నింపి, ఫీజు కట్టి, కాగితాలన్నీ అప్‌లోడ్ చేయాలి. యాజమాన్య కోటాకు వేరే నోటిఫికేషన్, వేరే దరఖాస్తు, వేరే ఫీజు. ఆ సీట్లూ నీట్ ర్యాంకుతోనే యూనివర్సిటీ ఇస్తుంది. "సీటు నేను మాట్లాడి పెడతా, అడ్వాన్సు ఇవ్వండి" అనే మనిషి టీ అంగడి దగ్గర కలిస్తే, టీ తాగి వచ్చేయండి.

ఎన్‌సీసీ, స్పోర్ట్స్, సైనికుల పిల్లలు, దివ్యాంగులు వంటి ప్రత్యేక కేటగిరీల వాళ్లు ఒరిజినల్స్‌తో చెప్పిన రోజున వెరిఫికేషన్‌కు పోవాలి. రైలు టికెట్ దొరకలేదన్న సాకు అక్కడ చెల్లదు.

తర్వాత తాత్కాలిక మెరిట్ జాబితా వస్తుంది. అందులో మీ పేరు, కేటగిరీ, లోకల్ ఏరియా మూడూ వేలు పెట్టి చూసుకోండి. ఎస్వీయూ అని ఉండాల్సిన చోట నాన్ లోకల్ అని ఉందంటే స్టడీ సర్టిఫికెట్ సరిగా పడలేదన్నమాట. అభ్యంతరం పెట్టడానికి ఒకటి రెండు రోజులే ఇస్తారు. తుది జాబితా వచ్చాక ఏం మొత్తుకున్నా లాభం లేదు.

వెబ్ ఆప్షన్లు

వెబ్ ఆప్షన్లంటే మీకు కావాల్సిన కాలేజీలను ఆన్‌లైన్‌లో వరుసగా పెట్టడం. ఎంబీబీఎస్, బీడీఎస్ ఆప్షన్లకు నోటీసులు వేర్వేరుగా రావడం మామూలే. ఎంబీబీఎస్‌కు పెట్టాం గదా అని ఊరుకుంటే బీడీఎస్ తేదీ దాటిపోతుంది. రోజూ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి యూనివర్సిటీ వెబ్‌సైటు చూడండి. పేపర్లో పడేదాకా, గ్రూపులో ఎవరన్నా పెట్టేదాకా ఆగొద్దు.

మన రాష్ట్రంలో ప్రభుత్వ డెంటల్ కాలేజీలు రెండు, విజయవాడలో ఒకటి, కడపలో ఒకటి. కడప కాలేజీ ఎస్వీయూ ఏరియాలో ఉంది, తిరుపతి నుంచి బస్సులో మూడు నాలుగు గంటలు. ఇక్కడివాళ్లు మొదట చూడాల్సింది అదే. ప్రైవేటులో మన ఏరియాకు తిరుపతి రేణిగుంట రోడ్డులోని సీకేఎస్ తేజ, నెల్లూరులో నారాయణ, కర్నూలులో జి.పుల్లారెడ్డి డెంటల్ కాలేజీలున్నాయి. తిరుపతిలో ఎస్వీ మెడికల్ కాలేజీ, స్విమ్స్ ఉన్నాయి గదా అని అడుగుతారు. అక్కడ ఉన్నది ఎంబీబీఎస్, బీడీఎస్ కాదు.

ఆప్షన్ల వరుస విషయంలో నా మాట ఒక్కటే. వచ్చే కాలేజీ మొదట పెట్టడం కాదు, కావాల్సిన కాలేజీ మొదట పెట్టండి. కంప్యూటరు మీ జాబితాను పైనుంచి కిందికి చూస్తుంది. మీ ర్యాంకుకు దొరికే మొదటి దాని దగ్గర ఆగుతుంది. పైన పెద్ద ఆశ పెట్టుకున్నందుకు కింది సీటు పోదు. కానీ ఇష్టం లేని కాలేజీని మధ్యలో ఇరికిస్తే అక్కడే ఆగిపోతుంది, దాని కింద ఉన్న మంచిదాన్ని చూడదు. చచ్చినా పోనన్న కాలేజీ అసలు పెట్టొద్దు. మిగతావన్నీ పెట్టండి. నాలుగు పెట్టి సరిపోతుందిలే అన్నవాళ్లు రెండో విడతలో నా దగ్గరికే వస్తారు.

పోయిన ఏడాది సీట్ల కేటాయింపు జాబితాలు యూనివర్సిటీ పెడుతుంది. ర్యాంకు, కేటగిరీ, అబ్బాయా అమ్మాయా, లోకల్ ఏరియా అన్నీ ఉంటాయి. మీ కేటగిరీలో ఏ కాలేజీలో చివరి ర్యాంకు ఎంతకు పోయిందో అందులో గీత గీసుకోండి. చివరి విడత జాబితా చూడాలి, మొదటి విడతది చూసి దిగులు పడొద్దు. ఎంబీబీఎస్ దొరికినవాళ్లు బీడీఎస్ వదిలి పోతుంటారు కాబట్టి విడత విడతకూ ర్యాంకు కిందికి జారుతుంది.

ముందు విడతలో సీటు వస్తే, తర్వాతి విడతలో పై ఆప్షన్‌కు మారే వీలుంటుంది. కానీ మారాక పాత సీటు ఇంకొకరికి పోతుంది, తిరిగి రాదు. చివరి విడతల్లో సీటు తీసుకుని చేరకపోతే జరిమానా, వేటు ఉంటాయి. ఆ పేజీ చదవకుండా సబ్మిట్ నొక్కొద్దు. నొక్కాక ప్రింటు తీసుకోండి. నా రెండు రూపాయల కోసం కాదు, మీ దగ్గర రుజువు ఉండాలి.

ఆప్షన్ పెట్టే ముందు ఒకసారి పోయి చూడండి

కాలేజీ బిల్డింగు, గార్డెను చూసి మురిసిపోవద్దు. మామూలు రోజున, మంగళవారమో బుధవారమో, పదిన్నరకు ఓపీ దగ్గర బెంచీ మీద అరగంట కూర్చోండి. పేషెంట్లు ఎంతమంది వస్తున్నారో లెక్కపెట్టండి. డెంటల్ చదువుకు పుస్తకం సగమైతే పేషెంటు సగం. పళ్ల నొప్పితో ఊళ్లోవాళ్లు రాని కాలేజీలో మీ పిల్ల పన్ను పీకడం ఎవరి మీద నేర్చుకుంటుంది? బయటికొచ్చే మూడో ఏడాది, నాలుగో ఏడాది పిల్లలను పలకరించండి. "కేసులు దొరుకుతున్నాయా తల్లీ" అని అడగండి. మొహమే జవాబు చెబుతుంది. పరికరాలు మీరే కొనాలా, కాలేజీ ఇస్తుందా, హాస్టల్ తప్పనిసరా, ట్యూషన్ ఫీజు కాక ఇంకేం కట్టాలి అన్నవి అడిగి రాసుకోండి. కాలేజీకి పళ్ల చదువులను చూసే కేంద్ర సంస్థ గుర్తింపు ఉండాలి. ఏళ్లుగా ఆ గుర్తింపు ఇచ్చింది డెంటల్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా. ఆ కౌన్సిల్ స్థానంలో నేషనల్ డెంటల్ కమిషన్ తేవడానికి 2023లో చట్టం చేశారు.

సీటు వచ్చిన రోజు

అలాట్‌మెంట్ లెటర్ ప్రింటు తీసి, యూనివర్సిటీ ఫీజు ఆన్‌లైన్‌లో కట్టి, చెప్పిన గడువు లోపల కాలేజీలో ప్రిన్సిపాల్ దగ్గర రిపోర్టు చేయాలి. ఒరిజినల్స్ ఇచ్చే ముందు అన్నింటినీ నాలుగైదు సెట్లు జెరాక్స్ తీసి పెట్టుకోండి. బ్యాంకు లోనుకు, ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు, హాస్టల్‌కు అన్నింటికీ అవే కావాలి. ఇచ్చిన ఒరిజినల్స్ జాబితా మీద కాలేజీ ముద్ర వేయించుకోండి. మధ్యలో మానేస్తే డబ్బు కడతామని బాండు రాయిస్తారు. సంతకం పెట్టే ముందు అందులో అంకె చదవండి.

చేరిన మొదటి నెలలో తెల్ల ఏప్రాన్, మైనపు దిమ్మలు, చెక్కే కత్తి కొనాలి. తర్వాత ఇంకో ఖర్చులేని వస్తువు అడుగుతారు, ఊళ్లలో దానికి కొరతే: పీకిన పళ్లు. ప్రాక్టికల్‌కు అసలు పళ్లు కావాలి. పిల్లలు క్లినిక్ క్లినిక్‌కూ తిరిగి "సార్, పళ్లు ఉన్నాయా" అని అడుగుతారు. పుత్తూరు పిల్లవాడొకడు పండగ సెలవులకు వచ్చి ఇదే పని మీద తిరిగాడు. మీ వీధిలో పళ్ల డాక్టరుకు ఇప్పుడే చెప్పి పెట్టండి, పీకినవి పారేయకుండా ఒక సీసాలో వేసి ఉంచమని.